జింకలకు ఎర పెట్టిన మనిషి మీద ఫిర్యాదు చేశాను: నా అనుభవం

మా లేఅవుట్‌లో జింకలకు ఎర పెట్టిన మనిషి మీద నేను అటవీ శాఖకు ఫిర్యాదు చేశాను. ఆయన నాకు బాగా తెలిసినవాడు, వయసులో పెద్దవాడు, నేను "అన్నా" అని పిలిచే మనిషి. "ఒక్క జంతువు కూడా చావలేదు కదా, మేత వేసినందుకు కేసు పెట్టిస్తావా?" అని మా వాట్సాప్ గ్రూపులో చాలామంది నిలదీశారు. అక్కడ రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఏం జరిగిందో, ఫిర్యాదు ఎలా నడిచిందో, ఎర గురించి నేను ఎందుకింత పట్టుదలగా ఉన్నానో వివరంగా రాస్తున్నాను.

మేముండేది హైదరాబాద్‌లో, అత్తాపూర్ వైపు. మా అపార్ట్‌మెంట్ వాళ్ళం, తెలిసినవాళ్ళం కొంతమంది కలిసి వికారాబాద్ రోడ్డులో ఫామ్ ప్లాట్లు కొనుక్కున్నాం. మామిడి, జామ మొక్కలు, చిన్న చిన్న షెడ్లు, ఆదివారం వంటలు. లేఅవుట్ వెనక కందకం, కందకం అవతల అటవీ శాఖ హద్దు రాళ్ళు, ఆ తర్వాత అడవి. సాయంత్రం పూట దుప్పులు కందకం దాకా వచ్చి ఆగేవి. చుక్కల దుప్పి మన తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా. మనిషి అలికిడి వినపడగానే ఒకటి కూత పెట్టేది, మిగతావన్నీ తోకలెత్తి మాయమయ్యేవి. పిల్లలు వాటిని చూడ్డానికే వచ్చేవాళ్ళు.

ఒక ఆదివారం పొద్దున డ్రిప్ పైపులు చూసుకుంటూ వెనక వరుసకు వెళ్ళాను. ఆయన ప్లాటు మూలన మొక్కజొన్న గింజలు కుప్పగా పోసి ఉన్నాయి. పక్కన బెల్లం నీళ్ళు కలిపిన తవుడు. ఒక మొద్దుకు పశువులకు పెట్టే ఉప్పు దిమ్మె కట్టి ఉంది. చుట్టూ గిట్టల గుర్తులు, పెంటికలు. కందకం వైపు ఉన్న ఫెన్సింగ్ తీగ రెండు చోట్ల కత్తిరించి పక్కకు మడిచారు. ఆయన నన్ను చూసి సంతోషంగా ఫోన్ తీశాడు. చెట్టుకు కట్టిన కెమెరాలో పడిన వీడియోలు చూపించాడు.

"చూడు తమ్ముడూ, చీకటి పడగానే టంచనుగా వస్తున్నాయి. మొదట్లో గింజ ముట్టేవి కావు. ఇప్పుడు నేను బకెట్ చప్పుడు చేస్తే చాలు."

వీడియోలో దుప్పులు తల దించుకుని తింటున్నాయి. ఒక్కటి కూడా తలెత్తి చూడటం లేదు. రోజూ కందకం దగ్గర ఆగి చెవులు రిక్కించే దుప్పులేనా ఇవి అనిపించింది. తర్వాత షెడ్డు వైపు చూశాను. కిటికీకి, గింజల కుప్పకు మధ్య ఉన్న తుమ్మ కొమ్మలన్నీ ఒకే వరుసలో నరికేసి ఉన్నాయి. ఒక స్తంభానికి ఎర్ర బల్బు. ఇదేంటన్నా అని అడిగితే దాచుకోలేదు. లైసెన్సు తుపాకీ ఉన్న స్నేహితుడు ఒకాయన వస్తాడట. ఒక్కటంటే ఒక్కటి, అందరం కలిసి వండుకుందాం అన్నాడు.

వద్దన్నాను. ఇది నేరమని చెప్పాను. అంతకంటే ముందు ఇది అన్యాయమని చెప్పాను. ఆయన నవ్వి, "మీ బావ అమెరికాలో చేసేదేంటి మరి?" అన్నాడు.

ఆ మాట నిజమే. మా అక్కావాళ్ళు టెక్సస్‌లో ఉంటారు. బావ అక్కడి స్నేహితులతో కలిసి ఒక రాంచ్‌లో, అంటే పెద్ద పశువుల ఎస్టేట్‌లో, వేటకు వెళ్తాడు. అక్కడ చాలా మటుకు భూమి ప్రైవేట్ వాళ్ళదే. అలాంటి భూమిలో జింకలకు మొక్కజొన్న వేసి, అక్కడికొచ్చిన వాటిని లైసెన్సుతో వేటాడటం చట్టబద్ధం. టైమర్ పెట్టిన డబ్బా ఉంటుంది. పొద్దున, సాయంత్రం మోటారు తిరిగి గింజలు వెదజల్లుతుంది. కొన్ని వారాలకు జింకలు ఆ మోటారు చప్పుడు వినే వస్తాయి. కాస్త దూరంలో చిన్న గది లాంటిది, అందులో మనిషి. క్రితంసారి హైదరాబాద్ వచ్చినప్పుడు బావ ఇవన్నీ మా ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాడు, అన్న కూడా ఆ రోజు మాతోనే ఉన్నాడు.

ఆ రాత్రి బావకు ఫోన్ చేశాను. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఆయన వాదనలో బలం లేదని నేననను.

"ఏరా, అక్కడ ముళ్ళపొదలు ఎంత దట్టంగా ఉంటాయో నీకు తెలీదు. పది గజాల అవతల జింక ఉన్నా కనపడదు. గింజల దగ్గర నిలబడిన జింకైతే దూరం నాకు ముందే తెలుసు. అది మగదో ఆడదో, వెనక పిల్ల ఉందో లేదో చూసుకునే తీరిక ఉంటుంది. ఒక్క దెబ్బకు పోతుంది. పరిగెత్తే జింకను కాల్చి, అది గాయంతో రెండు రోజులు అడవిలో తిరిగి చావడం మంచిదా?"

మంచిది కాదు. ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తాను. చంపడమంటూ జరిగితే అది తొందరగా, తక్కువ బాధతో జరగాలి. పులి, తోడేలు లేని చోట జింకలు పెరిగిపోయి అడవిని, పంటను తినేస్తుంటే, సంఖ్య తగ్గించడానికి శిక్షణ ఉన్న మనుషులు ఎర వాడి గురి తప్పకుండా కాల్చారంటే దాన్ని నేను అర్థం చేసుకోగలను. అది చేదు పని, అవసరానికి చేసే పని. దాన్ని సరదా అనుకోవడం దగ్గరే నాకు పేచీ.

బావకు నేను చెప్పింది ఇది. వేటగాడు జంతువును నేర్చుకోవాలి. గాలి ఎటు వీస్తోంది, ఏ వేళకు ఏ దారిన వస్తుంది, ఏ ఆకు మేస్తుంది, ఏ చప్పుడుకు బెదురుతుంది, ఇవన్నీ. ఎర పెట్టినవాడు ఆ పని ఎగ్గొట్టి, తనకు కావలసింది జంతువుకు నేర్పుతున్నాడు. ఇక్కడ భయం లేదు, మనిషి వాసన వస్తే తిండి దొరుకుతుంది అని రోజూ పాఠం చెబుతున్నాడు. అది ఆ పాఠం బాగా నేర్చుకున్న రోజున చంపుతున్నాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా! మనుషుల మధ్య ఇంతకంటే నీచమైన పని లేదంటాం. జంతువు విషయంలో దానికి తెలివితేటలని పేరు పెట్టడం నాకు మింగుడు పడదు.

అమెరికాలోనే ఈ వాదన నూట ముప్పై ఏళ్ళకు పైగా నడుస్తోంది. 1887లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్, మరికొందరు పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ వేటగాళ్ళ సంఘమే. వేటగాడికి మరీ అన్యాయమైన పైచేయి ఉండకూడదు, జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలి అన్న నియమాన్ని ప్రచారంలోకి తెచ్చింది వాళ్ళే. మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లో జింకలకు ఎర పెట్టి వేటాడటం నిషేధం. టెక్సస్‌లో తప్పు కాదు. ఒకే దేశంలో, ఒకే తెల్లతోక జింక విషయంలో రెండు చట్టాలు.

రోగం సంగతి తీస్తే బావ కాస్త తగ్గాడు. జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని ఒకటుంది. మొదట 1967లో కొలరాడోలో బయటపడింది. టెక్సస్‌లో 2012లో కనపడింది. ప్రియాన్లు అనే చెడిపోయిన ప్రోటీన్ల వల్ల మెదడు పాడై, జంతువు చిక్కి శల్యమై చచ్చిపోతుంది, మందు లేదు. చొంగ, మూత్రం, పేడ ద్వారా సోకుతుంది. నేలలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. విడివిడిగా తిరిగి మేసే జింకలన్నింటినీ రోజూ ఒకే కుప్ప మీద మూతి పెట్టిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? బావ ఒప్పుకున్నాడు, కానీ డబ్బా మాత్రం తీసేయనన్నాడు. "మీ అన్న సంగతి వేరు, అది దొంగతనం. నా పేరు చెప్పి తప్పించుకోవద్దని చెప్పు" అని మాత్రం అన్నాడు.

ఆ మర్నాడే అటవీ శాఖ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాను. అవతలి మనిషి ఓపిగ్గా విన్నారు. లొకేషన్ పంపమన్నారు, ఫోటోలున్నాయా అని అడిగారు, అక్కడ ఏదీ ముట్టుకోవద్దన్నారు. పేరు బయటికి రాకుండా ఉంచమంటారా అని కూడా అడిగారు. నేను అక్కర్లేదన్నాను. ఆయనకు మొహం మీదే వద్దని చెప్పినవాణ్ణి, చాటుగా ఉండటం నాకు నచ్చలేదు. కానీ మీరు ఫిర్యాదు చేయాల్సి వస్తే పేరు దాచమనడంలో తప్పేమీ లేదు. ఊళ్ళో ఒంటరిగా ఉండేవాళ్ళు తప్పకుండా అడగండి. తర్వాత అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్ళి రాతపూర్వకంగా కూడా ఇచ్చాను. తేదీ, సర్వే నంబరు, చూసింది, విన్నది విడివిడిగా రాయమన్నారు. "చూసింది మాత్రమే చూశానని రాయండి సార్, ఊహించింది రాయకండి" అని అక్కడి సెక్షన్ ఆఫీసర్ చెప్పిన మాట చాలా పనికొచ్చింది. కాపీ మీద రసీదు ముద్ర వేయించుకున్నాను.

స్థలం చూడటానికి వచ్చింది ఆ చుట్టుపక్కల అడవిని చూసుకునే బీట్ ఆఫీసర్, చిన్న వయసు అమ్మాయి, వెంట ఇద్దరు వాచర్లు. ఆమె అక్కడ చేసిన పరిశీలన నేను ఎన్నటికీ మర్చిపోను. మేత వేయడానికీ ఎర పెట్టడానికీ తేడా ఎలా తెలుస్తుందని నా మనసులో ఉన్న ప్రశ్నకు ఆమె నేలను చూసి జవాబు చెప్పింది.

ముందు గుప్పెడు మట్టి తీసి గాలిలో వదిలింది. కుప్ప మీదుగా షెడ్డు వైపు గాలి. అంటే షెడ్డులో కూర్చున్న మనిషి వాసన జింకలకు అందదు. "దయతో మేత పెట్టేవాళ్ళకు గాలివాలుతో పని లేదు సార్" అంది. నరికిన కొమ్మల మొదళ్ళు చూసింది, అన్నీ ఒకే ఎత్తులో, కిటికీలోంచి చూపు ఆనే ఎత్తులో. ఫెన్సింగ్ కత్తిరించిన రెండు చోట్లూ ఇరుకుగా ఉన్నాయి, ఒక్కో జంతువు దూరేంత. వాచర్ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పక్కకు జరిపి చూస్తే, ఒకచోట కొయ్య మేకు దిగ్గొట్టి ఉంది. దానికి బండి క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు. ఇది నేను చూడనేలేదు. తుపాకీ స్నేహితుడు రాకపోతే ఉచ్చు ఉంటుందన్నమాట. తీగ మెడకో కాలికో బిగిస్తే జంతువు గుంజుకున్నకొద్దీ లోపలికి కోసుకుపోతుంది. ఒక్క దెబ్బకు పోతుందన్న బావ వాదన కూడా ఇక్కడ వర్తించదు.

తర్వాత రేంజ్ ఆఫీసర్ వచ్చారు. అన్నను పిలిపించి ఆయన ఎదుటే షెడ్డు తెరిపించారు. ఇంకొన్ని ఉచ్చులు, ఒక సర్చ్ లైటు దొరికాయి. గింజలు, తవుడు కొంచెం కొంచెం కవర్లలో పెట్టి సీలు వేశారు. ఉప్పు దిమ్మె, కెమెరా స్వాధీనం చేసుకున్నారు. పంచనామా రాశారు, ఇద్దరు పంచులు, అంటే సాక్షులు, సంతకం పెట్టారు. నా వాంగ్మూలం విడిగా తీసుకున్నారు.

"నేను ఏం చంపాను సార్? రక్తం చుక్క చూపించండి" అని అన్న గట్టిగానే అడిగాడు.

రేంజ్ ఆఫీసర్ గొంతు పెంచలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే ఏమిటో రెండో సెక్షన్‌లోనే ఉంది. చంపడం, విషం పెట్టడం, పట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర వేయడం. వీటికోసం చేసే ప్రతి ప్రయత్నమూ వేటే. తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధిస్తుంది. ఆయన ఇవి చదివి వినిపించారు. చంపేదాకా ఆగి చూడాలని చట్టం ఎక్కడా అనలేదు.

ఇంటికొచ్చాక నేనూ ఆ చట్టం కూర్చుని చదివాను. 1991 సవరణకు ముందు మన దగ్గర కూడా లైసెన్సు మీద వేటకు వీలుండేది. ఆ రోజుల్లోనే, లైసెన్సు ఉన్నవాళ్ళకు కూడా పదిహేడో సెక్షన్ కొన్ని పద్ధతులను నిషేధించింది. బండిలో కూర్చుని వేటాడకూడదు. పొద్దుగూకాక వేటాడకూడదు. దీపం వేసి కళ్ళు చెదరగొట్టి కాల్చకూడదు. ఉప్పు నాకే చోట, నీళ్ళు తాగే చోట, అక్కడికెళ్ళే దారిలో కాపు కాసి కొట్టకూడదు. మాంసాహార జంతువు తాను చంపిన జంతువు దగ్గరికి తిరిగి వచ్చే సందర్భంలో చీకటి, దీపం విషయంలో ప్రత్యేక అనుమతి ఉండేది, నీటి పక్షులకూ కొంత మినహాయింపు. వేటకు అనుమతి ఇచ్చిన చట్టమే దాహంతో వచ్చిన దుప్పిని కొట్టొద్దంది.

ఇది చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు. ఆయనది అచ్చంపేట వైపు ఊరు. చట్టం రాకముందు నాటు తుపాకీతో వేటకెళ్ళినవాడే. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలే రోజుల్లో చెట్టుకు కాస్త దూరంగా మంచె కట్టి కూర్చునేవాడట. కానీ చెలమ దగ్గర మాత్రం కూర్చునేవాడు కాదు. నీళ్ళకాడ కొట్టినోడికి నీళ్ళు పుట్టవనేవాడు. ఇప్పచెట్టు కింద కూర్చోవడం కూడా ఎర లాంటిదే కదా అని నన్ను నేను అడుగుతూ వచ్చాను. నాకు తోచిన తేడా ఇది: చెట్టు తన కాలం వచ్చి పువ్వు రాల్చింది, ఎవరినీ నమ్మించడానికి కాదు. ఆ చెట్టు కిందికి దుప్పి వచ్చేటప్పుడు దాని బెదురు దానికి పూర్తిగా ఉంటుంది. చిరుత కూడా అక్కడికే వస్తుందని దానికి తెలుసు. మా తాత చాలా రాత్రులు ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడంటే కారణం అదే. అలాగని తాతను వెనకేసుకు రావడం లేదు. ఈ రోజున ఆయన చేసిందీ నేరమే, అలా ఉండటమే సరైనది. అడవులు అప్పటిలా లేవు. వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాంల వేట మైదానం. ఈ రోజు కృష్ణజింకలకు చుట్టూ కంచె, కంచె బయట విజయవాడ హైవే, కాలనీలు. ఇలాంటి చోట వేటలో న్యాయమైన పద్ధతి ఏదన్న చర్చకే తావు లేదు.

మంచి మనసుతో మేత పెట్టేవాళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గ్రూపులో నన్ను ఎక్కువ నొప్పించింది "రేపు కుక్కకు అన్నం పెట్టినా కేసేనా" అన్న మాట. అడవి జంతువుకు గింజ పెట్టడంలో దయ ఉన్నా మేలు లేదు. నెమరు వేసే జంతువు కడుపు ఆకుకూ గడ్డికీ అలవాటు పడి ఉంటుంది. ఒక్కసారిగా మొక్కజొన్న మేస్తే కడుపులో ఆమ్లం పెరిగి చచ్చిపోవచ్చు. గింజల గంపలో తలపెట్టిన ఆవును చూసిన రైతు ఎవరైనా ఇది చెబుతాడు. తేమ పట్టిన మొక్కజొన్నకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఆపైన కుక్కలు. కుప్ప తీసేసిన తర్వాత కూడా చాలా సాయంత్రాలు దుప్పులు ఆ మూలకు వచ్చి ఖాళీ నేలను వాసన చూస్తూ నిలబడ్డాయి. బకెట్ చప్పుడైతే ఇటు తల తిప్పేవి. లేఅవుట్ కుక్కలు వాటిని కందకంలోకి తరిమాయి, ఒక పిల్ల దుప్పి కాలు విరిగింది. అటవీ సిబ్బంది వచ్చి తీసుకెళ్ళారు, బతకలేదు. ఒక్క జంతువు కూడా చావలేదన్నవాళ్ళకు నేను ఈ సంగతి చెప్పాను.

అన్న నాతో మాట్లాడటం మానేశాడు. వదిన మాత్రం మా ఆవిడతో మాట్లాడుతుంది, ఆ షెడ్డులో ఉచ్చులున్న సంగతి తనకు తెలియదంది, నేను నమ్మాను. కేసు కోర్టులో ఉంది. సాక్షిగా పిలిస్తే వెళ్తాను, వాంగ్మూలంలో రాసినదే చెబుతాను.

లేఅవుట్ మీటింగ్‌లో అడవి వైపు ప్లాట్లలో గింజలు, ఉప్పు, పండ్లు ఏవీ వేయకూడదని తీర్మానం చేశాం. కత్తిరించిన కంచెను అందరం డబ్బులేసుకుని బాగు చేయించాం. ఎండాకాలంలో నీళ్ళ తొట్టి అయినా పెట్టొచ్చా అని ఒక పెద్దాయన అడిగారు. బీట్ ఆఫీసర్‌ను అడిగి చెబుతానన్నాను. ఆమె లేఅవుట్‌లో వద్దంది. అటవీ శాఖ అడవి లోపలే సాసర్ పిట్లు, అంటే లోతు తక్కువ నీటి తొట్లు, కట్టి ట్యాంకర్లతో నింపుతుందని, మా వైపు ఒకటి పగిలిపోయి ఉందని, దాన్ని బాగు చేయించడానికి పైకి రాశానని చెప్పింది. మేమూ సంఘం తరఫున ఒక లేఖ రాసి రేంజ్ ఆఫీసులో ఇచ్చాం. మార్చి లోపు పని అవుతుందన్నారు.